పెద్ద సంఖ్య జాతకం రాయడం ఎలా? 47,29,494తో ఒక పూర్తి ప్రయత్నం

ఒక పెద్ద సంఖ్యను చేతికిచ్చి "దీని సంగతేమిటో చెప్పు" అంటే చాలామంది సరి సంఖ్యా బేసి సంఖ్యా చూస్తారు, అంకెలు కూడి మూడుతో పోతుందో లేదో చూస్తారు, అక్కడితో ఆగిపోతారు. నిజానికి కాగితం, పెన్ను, ఓ గంట తీరిక ఉంటే ఏడంకెల సంఖ్య పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటికి లాగవచ్చు. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిస్తే చాలు.

ఇక్కడ 47,29,494ను తీసుకుందాం. దీన్ని ఊరికే ఎంచుకోలేదు. ఈ సంఖ్యకు రెండు వేల ఏళ్ల నాటి కథ ఉంది. కానీ అది ముందే చెప్పేస్తే లెక్క చేసే సరదా పోతుంది. మీరు కూడా పక్కన కాగితం పెట్టుకుని చేస్తూ రండి.

ముందు కామాలు తీసేయండి

మనం లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెడతాం. చదవడానికి అది హాయిగా ఉంటుంది కానీ ఇప్పుడు చేయబోయే పరీక్షకు పనికిరాదు. సంఖ్యను కుడి వైపు నుంచి మూడేసి అంకెల చొప్పున విడగొట్టండి: 4 | 729 | 494. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చూపుతోనే తేలిపోయే విషయాలు ముందు రాసుకోండి. చివరి అంకె 4, కాబట్టి 2తో పోతుంది. చివరి రెండంకెలు 94. అది 4తో పోదు, కాబట్టి సంఖ్య కూడా 4తో పోదు, 2 శేషం మిగులుతుంది. ఈ చిన్న సంగతిని పారేయకండి, తర్వాత రెండుసార్లు అక్కరకొస్తుంది. చివర 0 గానీ 5 గానీ లేదు, కాబట్టి 5 లేదు. అంకెల మొత్తం 4+7+2+9+4+9+4 = 39. ఇది 3తో పోతుంది, 9తో పోదు.

ఇక మూడేసి అంకెల గుంపుల దగ్గరికి రండి. కుడి నుంచి ఒకదాన్ని కలుపుతూ, తర్వాతిదాన్ని తీసేస్తూ వెళ్లాలి: 494 − 729 + 4 = −231. రుణ గుర్తును వదిలేయండి. ఈ 231 దేనితో పోతుందో చూడండి: 7తో పోతుంది, 11తో పోతుంది, 13తో పోదు. మన సంఖ్య కూడా అంతే. 7 × 11 × 13 = 1001 కావడం వల్ల ఈ కిటుకు పనిచేస్తుంది. వెయ్యిని దాటించిన ప్రతిసారీ గుర్తు మారుతుంది, అంతకుమించి రహస్యమేమీ లేదు. ఒక తీసివేత, ఒక కూడిక, మూడు ప్రశ్నలకు జవాబులు. ఏడుకు విడిగా రకరకాల సూత్రాలు నేర్పుతుంటారు. నేను అవన్నీ మానేసి దీన్నొక్కదాన్నే పట్టుకున్నాను.

ఒక జాగ్రత్త. 231 = 3 × 7 × 11 కదా అని ఇందులోంచి 3ను కూడా ఏరుకోకండి. ఈ పరీక్ష 7, 11, 13 గురించి మాత్రమే నిజం చెబుతుంది. ఇక్కడ 3 కనబడడం కాకతాళీయం. మూడు సంగతి అంకెల మొత్తమే తేల్చాలి, అది పైన తేల్చేసింది.

ప్రధాన కారణాంకాలు: అసలు పని ఇదే

మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. తొందర పడకండి.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే, దాని వర్గమూలానికి మించని ప్రధాన కారణాంకం ఒకటైనా ఉండి తీరాలి. 2174 వర్గం 47,26,276. 2175 వర్గం 47,30,625. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది. అంటే 2174 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలా? అవి మూడు వందలకు పైనే ఉన్నాయి. ఈ లెక్క చూసి చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు.

కానీ అంత శ్రమ అక్కర్లేదు. ఒక కారణాంకం దొరికిన ప్రతిసారీ భాగించేయండి. మిగిలినదానికి వర్గమూలం కట్టండి. హద్దు ఎలా కుంచించుకుపోతుందో చూడండి.

2తో భాగిస్తే 23,64,747. హద్దు 1537.
3తో భాగిస్తే 7,88,249. హద్దు 887.
7తో భాగిస్తే 1,12,607. హద్దు 335.
11తో భాగిస్తే 10,237. హద్దు 101.

మూడు వందల భాగహారాలు అనుకున్నది ఇరవై చిల్లరకు వచ్చింది. అవీ అన్నీ చేయక్కర్లేదు. అయితే ముందుకు కదిలే ముందు, భాగించిన ప్రధాన సంఖ్యతోనే ఇంకోసారి భాగించి చూడాలి. పాతవాళ్లు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తారు. 7తో ఒకసారి పోయింది కదా అని 11కు వెళ్లిపోతే, రెండో 7 ఎక్కడైనా దాగి ఉంటే జాతకమంతా తప్పుతుంది. మన సంఖ్యలో 4 లేదు, 9 లేదు అని ముందే చూశాం. 1,12,607ను 7తో భాగిస్తే శేషం 5, కాబట్టి రెండో 7 లేదు. 10,237ను 11తో భాగిస్తే శేషం 7, రెండో 11 కూడా లేదు.

ఇక 10,237. 13కు శేషం 6 (13 లేదని ముందే తెలుసు, ఇది సరిచూసుకోవడానికే). 17కు 3. 19కి 15. 23కు 2. 29కి సున్నా. 10,237 = 29 × 353.

353 ప్రధాన సంఖ్యేనా? మళ్లీ మొదటి నుంచి భాగించడం మొదలుపెట్టకండి. 29 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదీ 10,237లో పోలేదు, కాబట్టి 353లో కూడా పోదు. 353 ముక్కలయ్యేదైతే రెండు ముక్కలూ కనీసం 29 ఉండాలి, కానీ 29 × 29 = 841 అప్పుడే దాన్ని దాటిపోయింది. కాబట్టి 353 ప్రధాన సంఖ్య. ఒక్క భాగహారం లేకుండా రుజువైంది.

47,29,494 = 2 × 3 × 7 × 11 × 29 × 353

పొంగిపోయే ముందు సరిచూసుకోండి. అంకెలను ఒక్క అంకె అయ్యేదాకా కూడితే మన సంఖ్య 39 → 12 → 3. కుడి వైపు కారణాంకాలకు అదే చేస్తే 2, 3, 7, 2, 2, 2 వస్తాయి. వాటి లబ్ధం 336, అంకెలు కూడితే 12 → 3. రెండూ కలిశాయి. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన లెక్క కచ్చితంగా సరైనదని కాదు, తప్పితే మాత్రం ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. నమ్మకం కుదరకపోతే మొత్తం గుణించి చూసుకోండి.

కారణాంకాల నుంచి రాలే ఫలాలు

ఇక్కడి నుంచి పని చకచకా సాగుతుంది. ఆరు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చింది. ఏ వర్గమూ (1 తప్ప) ఈ సంఖ్యను భాగించదు. ఇలాంటివాటిని వర్గరహిత సంఖ్యలు అంటారు. ఈ మాట పక్కన చుక్క పెట్టుకోండి, చివరి కథకు తాళంచెవి ఇదే. కారణాంకాల సంఖ్య సరి (ఆరు), వర్గాలు లేవు, కాబట్టి మోబియస్ ప్రమేయం (వర్గరహిత సంఖ్యకు ప్రధాన కారణాంకాలు సరా బేసా అని చెప్పే గుర్తు) విలువ +1. అయిదో ఏడో అయి ఉంటే −1 అయ్యేది, ఏదైనా వర్గం దాగి ఉంటే సున్నా.

ఎన్ని భాజకాలు ఉన్నాయి? ఒక భాజకాన్ని తయారు చేయాలంటే ఆరు ప్రధాన సంఖ్యల్లో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయవచ్చు. రెండేసి దారులు, ఆరుసార్లు: 64. ఘాతాలు ఉన్న సంఖ్యకైతే ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించాలి. ఉదాహరణకు 360 = 2³ × 3² × 5, భాజకాలు 4 × 3 × 2 = 24.

ఈ 64 భాజకాలు 32 జంటలు. అన్నిటికంటే దగ్గరగా ఉన్న జంట ఏది? 353 × 6 = 2118, మిగిలినవి 7 × 11 × 29 = 2233. 47,29,494 చుక్కలను ఖాళీ లేకుండా దీర్ఘచతురస్రంగా పేర్చాలంటే చదరానికి అతి దగ్గరగా వచ్చే ఆకారం 2118 × 2233. దీన్ని కాగితం మీద వెతకడం నాకు చాలా ఇష్టం. మీ సంఖ్యకు కూడా వెతికి చూడండి.

భాజకాల మొత్తానికి ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒకటి కలిపి గుణిస్తే సరి (వర్గరహితం కాబట్టే ఇంత సులువు): 3 × 4 × 8 × 12 × 30 × 354 = 1,22,34,240. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 75,04,746 మిగులుతుంది. ఇది సంఖ్య కంటే ఎక్కువ. తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే తనంతే వచ్చేదాన్ని పరిపూర్ణ సంఖ్య అంటాం: 6, 28, 496 అలాంటివి. తక్కువ వస్తే డెఫిషియెంట్, ఎక్కువ వస్తే అబండెంట్. మనది అబండెంట్. ఒట్టి రకం పేరు చాలనుకుంటే ఇంత లెక్క కూడా అక్కర్లేదు. 6 కంటే పెద్దదై 6తో పోయే ఏ సంఖ్యకైనా సగం, మూడో వంతు, ఆరో వంతు భాజకాలే. ఆ మూడూ కలిస్తే సంఖ్య అంత అయిపోతుంది. పైగా 1 కూడా భాజకమే కాబట్టి మొత్తం దాటక తప్పదు.

ఆయిలర్ ప్రమేయం అంటే ఈ సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు ఎన్ని అన్న లెక్క. ఈసారి ప్రతి ప్రధాన సంఖ్య నుంచీ ఒకటి తీసేసి గుణించండి: 1 × 2 × 6 × 10 × 28 × 352 = 11,82,720. మన సంఖ్యలో నాలుగో వంతు 11,82,373.5. అంటే కళ్లు మూసుకుని ఒక సంఖ్యను ఎంచుకుంటే, దీనితో సాపేక్ష ప్రధానం అయ్యే అవకాశం దాదాపు సరిగ్గా నాలుగింట ఒకటి. దీనికి లోతైన కారణమేమీ లేదు, అలా కుదిరింది.

ఇది ఏ కుటుంబానికి చెందుతుంది?

వర్గమా? 4తో భాగిస్తే 2 శేషం. ఏ వర్గానికీ 4తో భాగిస్తే 2 రాదు, 0 గానీ 1 గానీ వస్తుంది. కాదు. రెండు వర్గాల భేదమా? ఆ 2 శేషమే మళ్లీ అడ్డం పడుతుంది: 0, 1లతో చేసే తీసివేతల్లో 0, 1, 3 తప్ప 2 రాదు. కాదు.

రెండు వర్గాల మొత్తమా? 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకాలు ప్రతి ఒక్కటీ సరిసార్లు రావాలి. ఇక్కడ 3, 7, 11 మూడూ ఆ జాతివే, మూడూ ఒక్కోసారే వచ్చాయి. కాదు. మూడు వర్గాల మొత్తమా? లెజాండ్ర్ సిద్ధాంతం ప్రకారం, 4తో పోయినన్నిసార్లూ భాగించాక 8కి 7 శేషం మిగిలే సంఖ్యలు మాత్రమే ఇలా రాయడానికి లొంగవు. మనది 4తో పోదు, 8కి శేషం 6. కాబట్టి అవుతుంది. సిద్ధాంతం ఒప్పుకున్నా ఒక ఉదాహరణ చూస్తేనే తృప్తి: 2174² + 43² + 37². గుణించి చూడండి.

త్రిభుజ సంఖ్యా (1 + 2 + 3 + … అంటూ కూడితే వచ్చేదా)? త్రిభుజ సంఖ్యను 8తో గుణించి 1 కలిపితే వర్గం రావాలి. మనకు 3,78,35,953 వస్తుంది. అది 6151², 6152²ల మధ్య ఉంది. కాదు. ఈ ఎనిమిది రెట్లకు ఒకటి కలిపే కిటుకు కూడా గుర్తుంచుకోండి.

అంకెల ఆటలు

వీటిని చివరికి ఉంచడానికి కారణం ఉంది. ఇప్పటిదాకా చూసినవి సంఖ్య గుణాలు. ఇక వచ్చేవి మనం పదేసి చొప్పున లెక్కపెట్టడం వల్ల పుట్టిన గుణాలు. ఎనిమిదేసి లెక్కపెట్టే లోకంలో ఇవన్నీ మారిపోతాయి. సరదాకి సరే, వీటినే గొప్ప లక్షణాలుగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

అంకెల మొత్తంతో సంఖ్య నిశ్శేషంగా పోతే దాన్ని హర్షద్ సంఖ్య అంటారు. దత్తాత్రేయ కాప్రేకర్ పెట్టిన పేరది. మన 39లో 13 ఉంది, సంఖ్యలో 13 లేదు, కాబట్టి కాదు. సంఖ్య అంకెల మొత్తం, ప్రధాన కారణాంకాల అంకెల మొత్తం సమానమైతే స్మిత్ సంఖ్య. ఇక్కడ 2+3+7+2+11+11 = 36. మూడు తేడాతో తప్పిపోయింది. అంకెల వర్గాలు కూడుతూ పోతే 1 చేరేది హ్యాపీ నంబర్: 263, 49, 97, 130, 10, 1. ఇది మాత్రం నెగ్గింది.

బైనరీలో 10010000010101010010110. ఇరవై మూడు స్థానాలు, తొమ్మిది ఒకట్లు.

సంఖ్య మరీ పెద్దదైతే

పదిహేను అంకెలు దాటితే ముందు మీ పనిముట్టును అనుమానించండి. ఎక్సెల్ పదిహేను అంకెలనే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతి స్థానాల్లో చెప్పాపెట్టకుండా సున్నాలు పెట్టేస్తుంది. అలా చెడిపోయిన సంఖ్యకు కారణాంకాలు కడితే 2లు, 5లు కుప్పలుగా వస్తాయి, మీరేమో అదేదో గొప్ప లక్షణం అనుకుంటారు. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ బాధ లేదు. లినక్స్ వాడేవాళ్లకు ఫ్యాక్టర్ అనే ఆదేశం సిద్ధంగా ఉంటుంది.

పెద్ద సంఖ్యను ముక్కలు చేయబోయే ముందు అది అసలు ప్రధాన సంఖ్యేమో కనుక్కోండి. ఈ రెండు పనుల కష్టంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడానికి మిల్లర్-రాబిన్ పరీక్ష క్షణాల్లో జవాబిస్తుంది. ఫెర్మా పరీక్ష (ఏదో ఒక సంఖ్యను ఆధారంగా తీసుకుని చూసే మరో పద్ధతి) ఒక్కటే చేస్తే 561 లాంటివి మోసం చేయగలవు (561 = 3 × 11 × 17, కానీ తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో పరీక్షించినా ప్రధాన సంఖ్యలాగే నటిస్తుంది). 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సందేహమూ మిగల్చకుండా, త్వరగా తేల్చే పద్ధతి ఉందని నిరూపించారు. ముక్కలు చేయడం మాత్రం ఇప్పటికీ కొండను తవ్వడమే. ఆర్ఎస్ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను విడగొట్టింది 2020లో, అదీ ఎన్నో కంప్యూటర్లను కలిపి పనిచేయించి.

ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందంటే

జాతకంలో ఆఖరి మెట్టు, ఈ సంఖ్య ఇంతకు ముందు ఎక్కడైనా కనబడిందా అని చూడడం. 47,29,494 కనబడింది, అదీ పశువుల మందలో. ఆర్కిమిడీస్ పేరుతో ఎరటోస్తనీస్‌కు పంపినట్టు చెప్పే ఒక పద్యరూప సమస్యను 1773లో జర్మన్ రచయిత లెస్సింగ్ ప్రచురించాడు. అది దొరికింది జర్మనీలోని వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయంలో. సూర్యుడి మందలో నాలుగు రంగుల ఎద్దులు, ఆవులు ఉంటాయి. వాటి మధ్య ఏడు నిష్పత్తులు ఇచ్చి మొత్తం ఎన్ని అని అడుగుతాడు. అక్కడితో ఆగితే అతి చిన్న జవాబు 5,03,89,082. ఆగడు. తెల్ల, నల్ల ఎద్దులు కలిస్తే వర్గం కావాలి, మచ్చల, పసుపు ఎద్దులు కలిస్తే త్రిభుజ సంఖ్య కావాలి అంటాడు.

ఇప్పుడు మనం నేర్చుకున్నవన్నీ బయటికి తీయండి. తెల్ల, నల్ల ఎద్దుల మొత్తం 1,78,26,996కు ఏదో ఒక గుణిజం. కారణాంకాలు కడితే 2 × 2 × 3 × 11 × 29 × 4657. ఇది వర్గం కావాలంటే జంట లేనివాటికి జంట చేర్చాలి. కాబట్టి గుణించే సంఖ్య 3 × 11 × 29 × 4657 × ఏదో వర్గం. మచ్చల, పసుపు ఎద్దుల మొత్తం 1,15,07,447కు అదే గుణిజం, అంటే 7 × 353 × 4657కు. అది త్రిభుజ సంఖ్య అవుతుందో లేదో ఎలా చూస్తాం? 8తో గుణించి 1 కలపాలి. అన్నీ కలిపితే తెలియని వర్గం ముందు నిలబడే సంఖ్య 41,02,86,42,32,78,424. చూస్తేనే భయం వేస్తుంది. కానీ 8లో ఒక జత 2లు, రెండు 4657లు వర్గాలే. వాటిని ఆ తెలియని వర్గంలోకే తోసేయండి. మిగిలేది 2 × 3 × 7 × 11 × 29 × 353.

అదే మన సంఖ్య. వర్గరహితం కావడానికి కారణం కూడా ఇదే: తీయగలిగిన వర్గాలన్నీ ముందే తీసేశారు.

ఇక మిగిలిన ప్రశ్న: ఒక వర్గాన్ని 47,29,494తో గుణించి 1 కలిపితే మరో వర్గం కావాలి. దీన్ని మన పాత గణితంలో వర్గప్రకృతి అంటారు. బ్రహ్మగుప్తుడు 628లో దీన్ని చేపట్టాడు. 1150లో భాస్కరాచార్యుడు చక్రవాళ పద్ధతితో 61కి జవాబు చూపాడు: 22,61,53,980 వర్గాన్ని 61తో గుణించి 1 కలిపితే 1,76,63,19,049 వర్గం వస్తుంది. 61 లాంటి చిన్న సంఖ్యకే అంత జవాబు. 47,29,494కు అతి చిన్న జవాబులో గుణించే వర్గమూలానికి 41 అంకెలు, వచ్చే వర్గమూలానికి 45 అంకెలు. అదీ సరిపోదు, ఎందుకంటే మనం లోపలికి తోసేసిన 2 × 4657 తిరిగి బయటికి రావాలి, అంటే ఆ మూలం 9314తో పోవాలి. 1880లో ఆమ్‌థార్ అనే జర్మన్ గణితవేత్త లెక్కగట్టి, మంద మొత్తం 776తో మొదలయ్యే 2,06,545 అంకెల సంఖ్య అని తేల్చాడు. ఆ అంకెలన్నీ బయటపడింది 1965లో, వాటర్లూ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల మీద.

చేయి ఆడించాలనుంటే పైన వచ్చిన 1,78,26,996ను తీసుకోండి. 2, 2, 3, 11, 29 తీసేశాక 4657 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్య అని నిరూపించడానికి ఏ ప్రధాన సంఖ్య దాకా వెళ్లి ఆగవచ్చో ముందు రాసుకుని, ఆ తర్వాతే భాగించడం మొదలుపెట్టండి.